అడుగుల లెక్క

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిపంతులుని. అయినా ఈ రోజు తెలుగులో మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఉర్దూలో అయితే పెద్దవాళ్ళకే అందుతుంది, తెలుగులో అయితే పిల్లలక్కూడా అందుతుంది అన్నారు. ఆయన మాట నిజమే. నిజమే గనుక నాకు కాస్త కష్టంగా తోచింది. ఆ కష్టానికీ నేను చెప్పబోయే విషయానికీ సంబంధం ఉంది. చివర్లో మళ్ళీ అక్కడికి వస్తాను.

నేను 2021లో బదిలీమీద విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్ళాను. వెళ్ళడమంటే పొద్దున బస్సెక్కి సాయంత్రం తిరిగి రావడం కాదు. ఇల్లు, వాకిలి, తల్లి, పిల్లలు, కుట్టుమిషను, కోడిపెట్టెతో సహా వెళ్ళాను. అప్పటినుంచి ఈ హాల్లో ఉన్నవాళ్ళలో సగంమంది నన్నడిగిన ప్రశ్న ఒకటే. “లోకమంతా బందరు నుంచి బెజవాడకీ, బెజవాడ నుంచి హైదరాబాదుకీ పోతుంటే, మీరు వెనక్కి పోయారేం మాస్టారూ?”

ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి తప్పించుకున్నాను. ఈ రోజు అందరికీ కలిపి పూర్తి జవాబు చెప్పుకుంటాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. లాభం ఉన్నచోట లాభం, నష్టం ఉన్నచోట నష్టం, రెండూ చెబుతాను.

ముందు బెజవాడ సంగతి. మా నాన్నగారి ఇల్లు వన్ టౌన్‌లో, వించిపేటలో ఉండేది. వన్ టౌన్ ఎట్లాంటి ఊరో మీకు తెలుసు. ఒకవైపు ఇంద్రకీలాద్రి, ఒకవైపు కృష్ణ, ఒకవైపు రైలు పట్టాలు. ఆ మధ్యన స్థలం పెరగదు, కుటుంబాలు మాత్రం పెరుగుతాయి. మేం ముగ్గురు అన్నదమ్ములం. రెండు గదుల ఇంట్లో ముగ్గురు కోడళ్ళు, ఏడుగురు పిల్లలు, ఒకే మరుగుదొడ్డి. ఎండాకాలం రాత్రి మగవాళ్ళం అరుగుమీదో డాబామీదో పడుకునేవాళ్ళం. మురుగుకాలవ వాసన, చీకటి గది, గోడకు గోడ. పాత మొహల్లా అంటే ఇప్పుడు కొందరు కళ్ళు చెమర్చేటట్టు మాట్లాడతారు గాని, అక్కడ మూడోనెల పసిబిడ్డతో వానాకాలం గడిపిన తల్లిని అడగండి, చెబుతుంది.

గనుక బయటపడాలనుకున్నాం. మొదట అద్దె ఇళ్ళు చూశాను. కొన్ని పేటల్లో నా పేరు అడిగేదాకా ఇల్లు ఖాళీగానే ఉండేది. పేరు చెప్పిన తర్వాత ఇంటివారి బంధువులెవరో ఊరినుంచి దిగుతున్నారని తెలిసేది. ఇది మీలో చాలామందికి అనుభవమే, విస్తరించి చెప్పను. ఆఖరికి బ్యాంకు అప్పుతో రామవరప్పాడు రింగు దాటిన తర్వాత ఒక కాలనీలో మూడో అంతస్తున ఫ్లాటు కొన్నాను. రెండు పడకగదులు, గాలి, వెలుతురు, ఇరవైనాలుగు గంటలూ కుళాయి నీళ్ళు. గృహప్రవేశానికి వచ్చిన బంధువులు “మాషా అల్లాహ్” అన్నారు. నేనూ అనుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ ఇంట్లో మాకు అన్నీ ఉన్నాయి. ఒక్కటే లేదు. కాలినడకన పోయి చేరుకోగలిగిన చోటు అనేది ఒక్కటి లేకుండా పోయింది.

బడి వన్ టౌన్‌లో. రోజూ పోను రాను స్కూటరు మీద ఇరవై కిలోమీటర్లు. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నలు పడితే, అది మారేలోపు ఒక పాఠం చెప్పొచ్చు. దగ్గరి మసీదు మూడు కిలోమీటర్లు. అంచేత జుమా తప్ప మిగతా నమాజులు ఇంట్లోనే. పిల్లలకు పసుపు బస్సు. కొత్తిమీర కట్ట కావాలన్నా, పాల పాకెట్టు కావాలన్నా మా ఆవిడ నా స్కూటరు చప్పుడు కోసం ఎదురుచూడాలి. ఆమె కుట్టుపని బాగా చేస్తుంది. పాత మొహల్లాలో నోటిమాట మీదనే బేరాలు వచ్చేవి. మూడో అంతస్తుకు జాకెట్టు ముక్క పట్టుకుని మెట్లెక్కి వచ్చేదెవరు?

నాకు షుగరు బయటపడ్డది కూడా అక్కడే. డాక్టరుగారు రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు తక్కువ కాకుండా నడవమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల లెక్క కూడా అదే. ఎక్కడ నడవాలి? బయట హైవే. లారీలు. ఆఖరికి అపార్టుమెంటు కింద, బళ్ళు నిలిపే చోట, కార్ల మధ్యన గానుగెద్దులాగా చుట్టూ తిరిగేవాణ్ణి. నలభై చుట్లు. ఒక రోజు వాచ్‌మన్ కొడుకు, ఐదేళ్ళవాడు, నా వెనకాలే నాలుగు చుట్లు తిరిగి, “ఏం పోగొట్టుకున్నారు సార్?” అని అడిగాడు. నవ్వాను గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది మా అమ్మీ. వించిపేటలో ఆమె తస్బీహ్ చేత పట్టుకుని బయల్దేరితే నాలుగిళ్ళు తిరిగి, ఇద్దరు కోడళ్ళ పంచాయతీలు తీర్చి, ఒక బాలింతకు పథ్యం చెప్పి, జొహర్ వేళకు ఇంటికి చేరేది. కాలనీలో మూడో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుంది. లిఫ్టులో ఒంటరిగా ఎక్కాలంటే భయం. మెట్లు దిగాలంటే మోకాళ్ళు. ఒకనాడు నన్ను పిలిచి, “నాయనా, ఇక్కడ అజాన్ కూడా ఫోనులోనే వినాలా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇక బడి సంగతి. ఇది నా ఇంటి విషయం కాదు, మనందరి విషయం. మా ఉర్దూ బడి మొహల్లా నడుమన ఉండేది. పిల్లలు గంట కొట్టాక ఇంట్లోంచి పరుగెత్తినా ప్రార్థనకు అందేవారు. ఏడాదికేడాది నా తరగతిలో వెనక బల్లలు ఖాళీ అవుతూ వచ్చాయి. పైఅధికారులు అడిగితే అందరమూ ఒకటే చెప్పేవాళ్ళం, “ఇంగ్లీషు మీడియం మోజు సార్.” అది కొంతవరకు నిజం. కాని ఒక వేసవిలో పేర్లు కొట్టేసిన పిల్లల ఇళ్ళకు నేనే పోయి విచారించాను. చాలా ఇళ్ళకు తాళాలు. పక్కవాళ్ళు చెప్పారు: వాళ్ళు సింగ్ నగర్ పోయారు, వీళ్ళు రాజీవ్ నగర్ పోయారు, వాళ్ళు నున్న వైపు స్థలం కొనుక్కున్నారు. ఆరేళ్ళ పిల్లని అంత దూరం నుంచి ఉర్దూ బడికి ఎవరు దింపుతారు? ఇంటి ముందుకు పసుపు బస్సు వస్తుంది, ఎక్కిస్తారు. అందులో వాళ్ళ తప్పేముంది?

అప్పుడు నాకొక సంగతి బోధపడింది. నేను కూడా అదే పని చేశాను గదా! ఉర్దూ పంతులు పిల్లలే పసుపు బస్సులో ఇంగ్లీషు బడికి పోతున్నారు. ఉర్దూమీద నాకు ప్రేమ తగ్గి కాదు, దూరం పెరిగి. మన బడులు ప్రభుత్వ ఉత్తర్వుతో మాత్రమే మూతపడవు సోదరులారా. మనం సామాన్లు లారీకెక్కించిన రోజున కూడా ఒక బల్ల ఖాళీ అవుతుంది.

చట్టం ఈ సంగతి మనకంటే ముందే గ్రహించింది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని నిబంధనల్లో ప్రాథమిక పాఠశాల 1 కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత పాఠశాల 3 కిలోమీటర్ల లోపల ఉండాలని ఉంది. ఆ దూరం ఎట్లాంటి దూరం? నడక దూరం అని స్పష్టంగా రాశారు. బస్సు దూరం కాదు. 2022 జూన్‌లో 117 నంబరు జీవో ప్రకారం 3, 4, 5 తరగతుల పిల్లల్ని దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు మార్చినప్పుడు ఎన్నో ఊళ్ళలో తల్లిదండ్రులు రోడ్డుమీదికి వచ్చారు. ఎనిమిదేళ్ళ పిల్ల పెద్దరోడ్డు ఎట్లా దాటుతుందన్నది వాళ్ళ మొదటి ప్రశ్న. 2025లో ఆ జీవో రద్దయింది. చిన్నపిల్ల పాదాలకు ఎంత దూరం అందుతుందనేది అంత బరువైన విషయం.

ఈ స్థితిలో నాకు బందరు బదిలీ వచ్చింది. డెబ్భై కిలోమీటర్లు. రోజూ రైల్లోనో బస్సులోనో పోయివచ్చే ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. నేనూ రెండు నెలలు ఆ పనే చేశాను. ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోయేవారు. ఒకరోజు మా ఆవిడే అన్నది, “మీరు అక్కడికి పోతూ వస్తూ ఉంటే మేమిక్కడ ఎదురుచూస్తూ ఉంటాం. అందరం ఒకచోట ఉంటే పోదా?” ఫ్లాటు అద్దెకిచ్చాం. ఆ అద్దె బ్యాంకు కిస్తీకి పూర్తిగా చాలదు, అయినా కొంత ఆసరా. బందరులో ఇనగుదురుపేటలో పాత పెంకుటిల్లు ఒక వాటా తీసుకున్నాం.

బందరు గురించి మన పిల్లలు తెలుసుకోవాలి. బందర్ అంటే ఫారసీలో రేవు. విజయవాడలో మనం రోజూ బందరు రోడ్డు బందరు రోడ్డు అంటాం గాని, ఆ మాట మన ఇంటి మాటేనని ఎవరికి తడుతుంది? గోల్కొండ కుతుబ్‌షాహీలకు అది పెద్ద రేవు. అక్కడినుంచి ఎర్రసముద్రం వైపు ఓడలు పోయేవి. హజ్‌కు పోయేవాళ్ళు ఆ ఓడలెక్కేవారు. ముందు డచ్చివారు, 1611లో గ్లోబ్ అనే ఓడమీద ఇంగ్లీషువారు అక్కడ దిగారు. వలందపాలెం, ఫ్రెంచిపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. కలంకారీ అంటారు గదా, కలం, కారీ, రెండూ మా ఉర్దూ తరగతిలో పిల్లలు పలికే మాటలే. 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టింది కూడా బందరులోనే. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమయింది. పాత కృష్ణా జిల్లా పేరూ, జిల్లా కచేరీ బందరుకే మిగిలాయి.

ఈ చరిత్ర అంతా ఎందుకంటే, ఆ ఊరి పాత వీధులు మోటారు బండి పుట్టక ముందు వేసినవి. మనిషి కాళ్ళను చూసి వేసిన వీధులు. అందుకే ఇంటికీ మసీదుకూ, మసీదుకూ బజారుకూ, బజారుకూ బడికీ నడిచి పోగలిగిన దూరమే ఉంటుంది. నేను ఫజర్‌కు నడిచి పోతాను. బడికి నడిచి పోతాను. సాయంత్రం కోనేరు సెంటరుకు నడిచి పోయి కూరలు తెస్తాను. డాక్టరుగారు చెప్పిన అరగంట ఎప్పుడు పూర్తవుతుందో నాకే తెలియదు. చిన్నవాడూ, పాపా మా ఉర్దూ బడిలోనే చేరారు. ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని నాకంటే ముందే పోతారు, మేష్టారి పిల్లలని ఎవరూ అనుకోకూడదట! మా ఆవిడకు ఆరు నెలల్లో బేరాలు కుదిరాయి. దారినపోయే ఆడవాళ్ళు మిషను చప్పుడు విని వాకిట్లో నిలబడతారు. పనంతా అంతే.

ఇంకొక సంగతి. నడిచేవాడికి మనుషులు తగులుతారు. స్కూటరు మీద పోయినన్నాళ్ళూ నాకు బళ్ళు తగిలాయిగాని మనుషులు తగల్లేదు. మా వీధి మొదట్లో కిరాణా కొట్టు శెట్టిగారిది. పక్కన ఇస్త్రీ బండి. ఆ పక్కన ఆరెంపీ డాక్టరు. ముహర్రంలో పీర్లు లేస్తే వీధి వీధంతా, ఏ కులంవాళ్ళయినా, బయటికి వస్తారు. నాకు ఇల్లు ఇవ్వనన్నవాళ్ళు నేనెవరో తెలియక అన్నారు. రోజూ ఎదురుపడి “ఏం మాస్టారూ, బాగున్నారా?” అని పలకరించుకునేవాళ్ళ మధ్యన ఆ భయం పెరగడానికి అంత చోటు ఉండదు. పూర్తిగా పోతుందని చెప్పను. చోటు తగ్గుతుంది.

ఇప్పుడు నష్టాలు కూడా చెప్పాలి, లేకపోతే ఈ ప్రసంగం ఇల్లు అమ్మేవాడి మాటల్లాగా ఉంటుంది. బందరులో దోమలు మనకంటే ముందు లేస్తాయి. వానపడితే మురుగుకాలవ వీధిలోకి వస్తుంది. మా పెద్దవాడి ఇంటర్ చదువుకు వాణ్ణి విజయవాడ హాస్టల్లో పెట్టవలసి వచ్చింది. ఆ ఖర్చు ఒకటి, రెండు వారాలకోసారి వాడు వచ్చిపోయేటప్పుడు వాళ్ళమ్మ కళ్ళల్లో నీళ్ళు ఒకటి. డిగ్రీ అయిన కుర్రాళ్ళకు ఉద్యోగాలు అక్కడ తక్కువ. అందుకే వాళ్ళు బస్సెక్కుతారు. నాది నెల జీతం ఉద్యోగం గనుక వెళ్ళగలిగాను. రోజు కూలి చేసుకునేవాణ్ణి, పని ఉన్న ఊరు వదిలి రమ్మని చెప్పే హక్కు నాకు లేదు.

అన్నిటికంటే పెద్ద విషయం 2022లో జరిగింది. మా అమ్మీకి బందరులో మళ్ళీ కాళ్ళు వచ్చాయి. చేతికర్రతో రోజూ అసర్ వేళకు శెట్టిగారి కొట్టుదాకా పోయేది. ఆయన ఆమెకోసం ఒక పీట వేయించాడు. “రండి అమ్మగారూ” అని కూర్చోబెట్టేవాడు. ఒకనాడు సాయంత్రం పీట ఖాళీగా ఉంది. పావుగంట చూశాడట. ఇంకో పావుగంట చూశాడట. అప్పుడు కొట్లో కుర్రాణ్ణి, “పోయి చూసి రారా, అమ్మగారు ఈ రోజు రాలేదేం?” అని మా ఇంటికి పంపాడు. నేను బడిలో సమావేశంలో ఉన్నాను. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పెళ్ళికి పోయింది. తలుపు తట్టితే లోపలినుంచి సన్నగా మూలుగు. కుర్రాడు గోడ దూకాడు. అమ్మీ స్నానాలగదిలో పడి ఉంది. తుంటి ఎముక విరిగింది.

బందరు ఆసుపత్రిలో డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, వయసు మీదపడింది, గుండె సంగతి కూడా ఉంది, ఆపరేషన్‌కు విజయవాడ తీసుకుపొమ్మన్నారు. ఆ రాత్రి అంబులెన్సులో ఆమె చెయ్యి పట్టుకుని డెబ్భై కిలోమీటర్లు వచ్చాను. నా జీవితంలో అంత పొడుగు రోడ్డు మళ్ళీ చూడలేదు. ఈ ముసల్దాన్ని పెద్ద ఆసుపత్రులున్న ఊరినుంచి ఎందుకు తీసుకుపోయానురా అని దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. ఆపరేషన్ అయింది. అల్లాహ్ దయవల్ల లేచి నిలబడింది. ఇప్పుడు వాకరు పట్టుకుని మళ్ళీ ఆ పీటదాకా పోతుంది.

తర్వాత ఆలోచించాను. ఆమె పడిందని కనిపెట్టింది బందరు. ఎముక అతికించింది విజయవాడ. రెండూ నిజమే. కాలనీ ఫ్లాటులో పడి ఉంటే ఆపరేషన్ థియేటరు పావుగంట దూరంలోనే ఉండేది. కాని ఆమె పడిందని రాత్రి నేను తాళం తీసేదాకా ఎవరికి తెలిసేది? ఇల్లు ఎక్కడ తీసుకోవాలని ఆలోచించేటప్పుడు ఆసుపత్రి ఎంత దూరమని అడుగుతాం. అడగవలసిందే. దాంతోపాటు, నేను ఒకపూట కనపడకపోతే ఎవరు అడుగుతారని కూడా అడగాలి. 2023 సెప్టెంబరులో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. దూరం ఒకవైపునుంచి అట్లా తగ్గుతూ వస్తుంది. రెండోవైపు దూరం తగ్గించవలసింది మనమే.

ఈ కథ చెప్పుకుని, మసీదుకు ఇంత దగ్గర్లో ఇల్లు దొరకడం నా అదృష్టమని ఒకసారి మా పేష్ ఇమాంగారి ఎదుట కాస్త గర్వంగా మాట్లాడాను. ఆయన నవ్వి బనూ సలిమావారి సంగతి గుర్తుచేశారు. అది సహీ బుఖారీలోనూ, సహీ ముస్లింలోనూ ఉన్న ఉదంతం. మదీనాలో బనూ సలిమా అనే తెగవారి ఇళ్ళు ప్రవక్త (స) మసీదుకు దూరంగా ఉండేవి. మసీదు చుట్టుపక్కల స్థలాలు ఖాళీ అయ్యాయని తెలిసి, దగ్గరకు వచ్చేద్దామనుకున్నారు. ప్రవక్త (స) వారికి ఏం చెప్పారు? రండి అన్నారా? లేదు. మీ ఇళ్ళలోనే ఉండండి, మీరు వేసే ప్రతి అడుగూ మీ లెక్కలో రాయబడుతుంది అనే భావంతో చెప్పారు. ఊరి అంచులు ఉత్తవైపోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

నాకు తలకొట్టేసినట్టయింది. నేను దగ్గరకు వచ్చినందుకు గొప్ప చెప్పుకుంటున్నాను, అక్కడ పుణ్యం దూరంనుంచి నడిచినవాడికి రాశారు! ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. అందులో రెండు సంగతులున్నాయని నా అల్పబుద్ధికి తోచింది. ఒకటి, బనూ సలిమావారి దూరం నడవగలిగిన దూరం. వారు రోజూ నడిచి వచ్చేవారు. రెండు, అందరూ ఒక్కచోట కుక్కుకోవడం ధర్మం కాదు. ఊరి అంచున ఉన్నవాడు అంచునే ఉండి, అక్కణ్ణుంచి నడిచే దారిని బతికించాలి.

గనుక, అందరూ కాలనీలు ఖాళీచేసి వించిపేటకు తిరిగి రండనో, నాలాగా బందరు పోదాం పదండనో నేను చెప్పను. ఇస్లాంపేటలో, పంజా సెంటరులో, వించిపేటలో మనకు నడిచే ఊరు ఉండేది. దాని విలువ నాకు బందరు పోయి తెలిసింది, అంతే. ఇప్పుడు లోకంలో పెద్ద పెద్ద నగరాలు దీనికే కొత్త పేరు పెట్టుకుంటున్నాయి. ఫ్రాన్సు దేశపు రాజధాని పారిస్‌లో అప్పటి మేయర్ ఆన్ హిదాల్గో అనే ఆవిడ 2020 ఎన్నికల్లో పదిహేను నిమిషాల నగరం అనే మాటతో ప్రజల ముందుకు వచ్చి గెలిచింది. బడి, కొట్టు, వైద్యుడు, పార్కు, అన్నీ ఇంటినుంచి పదిహేను నిమిషాల నడకలోనో సైకిలు దూరంలోనో ఉండాలన్నది ఆ ఆలోచన. మన ముసలమ్మలు నవ్వుతారు. మొహల్లా అంటే అదే గదా నాయనా, అంటారు.

ఇంకొక హెచ్చరిక. ఊరి చివర స్థలం చౌకగా వచ్చిందంటే ఎందుకు చౌకో అడగండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల ఇళ్ళు మునిగినప్పుడు మా తమ్ముడి కుటుంబం నాలుగు రోజులు మేడమీద గడిపింది. స్థలం కొనేటప్పుడు వాడు బ్యాంకువాళ్ళను అడిగాడు, బ్రోకరును అడిగాడు, అక్కడి పాత రైతును మాత్రం అడగలేదు. బందరు కూడా నీళ్ళకు అతీతం కాదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో అక్కడ సుమారు 30,000 మంది పోయారని ఆనాటి లెక్క. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. మన డెల్టాలో నీళ్ళు లేని చోటు లేదు. అంచేత నీళ్ళ సంగతి తెలిసిన ఇరుగుపొరుగు ఉండడం ముఖ్యం.

ఇప్పుడు సంఘానికి నా మనవి. పెద్ద ఖర్చు లేని పనులే చెబుతాను.

మొదటిది, ఇల్లు కొనబోయే ప్రతి కుటుంబమూ బయానా ఇచ్చేముందు ఒకరోజు ఆ ఇంటినుంచి నడిచి చూడాలి. మసీదుకు, బడికి, కిరాణా కొట్టుకు, డాక్టరు దగ్గరకు, ఒక తెలిసినవారి ఇంటికి. ఈ ఐదు చోట్లలో ఎన్నింటికి నడిచి పోగలరో లెక్క పెట్టుకోండి. మీరు కాదు, మీ తల్లిగారు నడవగలరా, మీ ఏడేళ్ళ పాప నడవగలదా చూడండి. మగవాడి స్కూటరుతో కొలిస్తే ప్రతి ఇల్లూ దగ్గరే.

రెండోది, పాత మొహల్లాల్లో ఖాళీ వాటాలు, బాగుచేస్తే ఉండదగిన ఇళ్ళు ఏవున్నాయో సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టాలి. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, బదిలీమీద వచ్చినవాళ్ళు బ్రోకరు చుట్టూ తిరగకుండా ముందు ఆ రిజిస్టరు చూస్తారు. కాలవలు, మరుగుదొడ్లు, వీధిదీపాల కోసం కార్పొరేషన్‌కు అర్జీ పెట్టాలి. ఇల్లు బాగుంటేనే మనిషి నిలుస్తాడు. మురికిలో ఉండమని ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేం.

మూడోది, దూరపు కాలనీల్లో ఉన్నవాళ్ళ పిల్లల సంగతి. ప్రతి కాలనీలో రిటైరైన పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు ఉంటారు. పది మంది పిల్లల్ని ఒక గుంపుగా చేసి, ముందొకరు వెనకొకరు నడిచి, దగ్గరలోని బడికి దింపి రావచ్చు. బడి మరీ దూరమైతే సాయంత్రం మగ్రిబ్ తర్వాత మసీదులో ఒక గంట ఉర్దూ చెప్పించవచ్చు. వేసవి సెలవుల్లో ఆ పాఠాలు నేను వచ్చి మొదలుపెడతాను. జీతం అక్కర్లేదు, టీ ఇప్పించండి చాలు.

నాలుగోది అన్నిటికంటే చిన్నది. మీ వీధిలో రోజూ కనబడే ముసలివాళ్ళు ఒకపూట కనబడకపోతే తలుపు తట్టండి. శెట్టిగారికి మా అమ్మీ ఏమవుతుంది? ఏమీ కాదు. రోజూ చూసిన మనిషి, అంతే. ఆ అంతే అనే మాటే ఆమె ప్రాణం నిలబెట్టింది.

మొదట్లో చెప్పిన సంగతికి వస్తాను. ఈ ప్రసంగం తెలుగులో ఎందుకు చేయవలసి వచ్చింది? మన పిల్లలకు ఉర్దూ అందడం లేదు గనుక. తెలుగు మన పాల భాష, అందులో మాట్లాడినందుకు నాకు చిన్నతనం లేదు. కాని ఉర్దూ మన పిల్లలకు ఎందుకు అందడం లేదని అడిగితే, నాకు తోచిన జవాబు ఒకటి: మనం దాన్ని వాళ్ళ కాళ్ళకు అందనంత దూరంలో పెట్టాం. వచ్చే ఏడాది ఈ సభలో ఒక చిన్నపిల్ల లేచి నిలబడి నాలుగు వాక్యాలు ఉర్దూలో మాట్లాడి, అవే నాలుగు తెలుగులో చెప్పగలిగితే, కార్యదర్శిగారు నాకు ఏ భాషలో మాట్లాడమన్నా సంతోషంగా మాట్లాడతాను.

 సభ అయ్యాక భోజనాలున్నాయి. మన వించిపేటవాళ్ళు ఎవరైనా తిన్న తర్వాత ఇంటికి నడిచి పోయేటట్టయితే చెప్పండి, నేనూ వస్తాను. పాత వీధిలోంచి ఒకసారి నడిచి పోవాలని ఉంది.

మన అడుగులన్నిటినీ మంచి లెక్కలో రాయవలసిందిగా అల్లాహ్‌ను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాను. వస్సలాం.